మోక్షగుండం పేరు నిలిపిన నీటి లెక్కల ఇంజనీరు

మార్కాపురం: కంభానికి చేరువలో, బేస్తవారిపేట మండలంలో మోక్షగుండం అనే వూరు వుంది. గుండం అంటే నీటి మడుగు. పేరులో నీరున్నా, చుట్టుపక్కల వూళ్ల మాదిరిగానే వాన కోసం మబ్బుల వంక చూసే మెట్ట ప్రాంతమిది. అయినా ఆ వూరి పేరు దేశమంతటా వినిపిస్తుంది. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుకునేది ఆ వూరి పేరును ఇంటిపేరుగా మోసిన మహనీయుడి జయంతి నాడే. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య అనగానే మనకు ఆనకట్టలు గుర్తుకు వస్తాయి. కృష్ణరాజసాగరం, గండిపేట, ఆయన తలపాగా, క్రమశిక్షణ పాఠ్యపుస్తకాలలో చదువుకున్నవే. అయితే ఆనకట్ట కట్టడం కన్నా కష్టమైన పని ఒకటి ఆయన చేశారు. కాల్వలోకి వచ్చిన నీటిని రైతుల మధ్య ఎలా పంచాలి, నీళ్లు పొదుపు చేసిన రైతు నష్టపోకుండా ఏం చేయాలి అన్న చిక్కుముడిని విప్పబోయారు. నూటపాతికేళ్ల కిందట పుణె ప్రాంతంలో జరిగిన ఆ ముచ్చట, బోర్లు ఎండి, కాల్వ కోసం కళ్లు కాయలు కాసిన పశ్చిమ ప్రకాశం రైతులకు ఈనాడు చాలా దగ్గరది.

వలస వెళ్లిన కుటుంబం

విశ్వేశ్వరయ్య పూర్వీకులు మోక్షగుండం నుంచి మైసూరు సీమకు వలస వెళ్లినవారు. అది ఆయన పుట్టుకకు ఎన్నో తరాల ముందటి మాట. ములుకనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబం. వూరు విడిచినా వూరి పేరును విడవలేదు. కన్నడ దేశంలో స్థిరపడినా ఇంట్లో మాట తెలుగే.

చిక్కబళ్లాపురం దగ్గర నందికొండల నీడలో వున్న ముద్దేనహళ్లిలో 1861 సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట్లో శాస్త్రాలు వున్నంతగా సిరి లేదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ ఆదరణతో బెంగుళూరు చేరి, ఇతరుల పిల్లలకు చదువు చెప్పి, ఆ సంపాదనతో తాను చదువుకున్నారు. సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. పూర్తి చేశారు.

మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పుణె సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో పరీక్షలో మొదటి స్థానంలో నిలిచారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. 

కాల్వ గట్ల మీద నడక

మొదటి ఉద్యోగం నాసిక్ జిల్లాలో. తర్వాత ఖాందేశ్. అక్కడ ఏటికి అడ్డంగా గొట్టాలు వేసి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నీరు దాటించే సైఫను నిర్మించే పని కుర్ర ఇంజనీరు నెత్తిన పడింది. వానాకాలం వరదల మధ్య ఆ పని ముగించారు. 1894-95 ప్రాంతంలో సింధు నది ఒడ్డున వున్న సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం కట్టారు. తర్వాత సూరత్. ఆ తర్వాత 1899లో పుణె జిల్లా నీటిపారుదల ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పదవి వచ్చింది.

పుణెకు నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా జలాశయం నిండి, మిగులు నీరు కలుజు మీదుగా పొర్లిపోతుండేది. ఆ నీటిని ఆపాలంటే గట్టు పెంచాలి. అందుకు ఖర్చెక్కువ. విశ్వేశ్వరయ్య వేరే దారి వెతికారు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే తమంతట తామే తెరుచుకుని, వరద తగ్గగానే మూసుకునే తలుపులను రూపొందించారు. వాటివల్ల నిల్వ మట్టం సుమారు 8 అడుగులు పెరిగింది. 1903లో వాటికి పేటెంటు కూడా వచ్చింది. పేటెంటు వున్నవాడు వాడుకున్నవారి నుంచి ప్రతిఫలం తీసుకోవచ్చు. తాను ప్రభుత్వ జీతగాడిని కాబట్టి, ప్రభుత్వ పని కోసం చేసిన దానికి వేరే డబ్బు తీసుకోవడం తగదని ఆయన వద్దన్నారు.

జలాశయంలో నీరు పెరిగింది. అయితే పెరిగిన నీరు పొలానికి చేరే దారిలో ఏమవుతున్నదో చూసే పని మిగిలింది. విశ్వేశ్వరయ్య గట్ల వెంట నడిచి చూశారు.

ఎకరానికింత - నీళ్లెన్నయినా

ఆ రోజులలో దక్కను కాల్వల కింద ఒక వాడుక వుండేది. నీళ్లు కావలసిన రైతు ఏటికేడు అర్జీ పెట్టుకోవాలి. పంటను బట్టి, విస్తీర్ణాన్ని బట్టి తీరువ కట్టాలి. ఎన్ని నీళ్లు వాడుకున్నాడన్న దానికీ, ఎంత తీరువ కట్టాడన్న దానికీ సంబంధం లేదు. నాలుగు తడులు పెట్టినా, పది తడులు పెట్టినా ఎకరాకు అదే డబ్బు.

దీని ఫలితం వూహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. కాల్వ మొదట్లో వున్న రైతు మడి నిండా నీరు పెట్టాడు. నీరు మళ్లీ వస్తుందో రాదో తెలియదు కాబట్టి వచ్చినప్పుడే పట్టుకున్నాడు. ఆఖరు పొలం రైతు గట్టున కూర్చుని చూశాడు. చెరకు వేసినవాడికి రాబడి ఎక్కువ కాబట్టి మొదట్లో వున్నవారంతా చెరకే వేశారు. చెరకు ఏడాది పొడుగునా నీరు తాగే పంట. రాత్రి పూట నీరు కట్టేవారు లేక వాగుల పాలయ్యేది.

ఇంకొక చిక్కు ప్రభుత్వానిది. మంచి వానలు పడిన సంవత్సరం రైతులు అర్జీలు పెట్టరు. డబ్బు ఎందుకు దండగ అనుకుంటారు. అప్పుడు కాల్వ నీరు అడిగేవాడు లేక వృథా. వానలు తప్పిన సంవత్సరం అందరూ ఒక్కసారే మీద పడతారు. అప్పుడు నీరు చాలదు. లక్షలు పోసి కట్టిన కాల్వలు వడ్డీకి కూడా రాబడి తేవడం లేదని పై అధికారుల ఫిర్యాదు.

పైగా సాగయ్యే పొలాలు ఒకచోట వుండేవి కావు. ఇక్కడ రెండెకరాలు, అర మైలు అవతల మూడెకరాలు. ఆ మూడెకరాల కోసం పంటబోదె పొడుగునా నీరు పారాలి. దారిలో భూమి తాగినంత తాగగా మిగిలిందే పొలానికి చేరేది.

ఇందులో రైతును దొంగగా చూడటానికి లేదు. ఆ పద్ధతిలో నీళ్లు పొదుపు చేసినవాడికి దక్కేది ఏమీ లేదు. తాను వదిలిన నీరు పక్కవాడి చెరకు తోటకు పోతుంది. తన తీరువ ఒక్క అణా తగ్గదు. అటువంటప్పుడు పొదుపు చేయమని ఎన్ని హితబోధలు చేసినా ఎవరు వింటారు? విశ్వేశ్వరయ్య తప్పును మనిషిలో కాక పద్ధతిలో వెతికారు. ఆయన గొప్పతనం అక్కడుంది.

వంతుల గొడవ

1899-1900 సంవత్సరాలలో పశ్చిమ భారతాన్ని పెద్ద కరువు పట్టింది. పుణె కాల్వలకు నీరు తగ్గింది. విశ్వేశ్వరయ్య వంతుల పద్ధతి పెట్టారు. ఏ తూముకు ఏ రోజున నీరు ఇస్తారో ముందే చెప్పి, ఆ వంతు ప్రకారం ఇచ్చి, వంతు కాని రోజున మూసివేయడం. అప్పటి దాకా అడిగినప్పుడల్లా నీరు పట్టుకున్న రైతులకు ఇది మింగుడు పడలేదు. చెరకు ఎండిపోతుందని గగ్గోలు పుట్టింది. సభలు జరిగాయి. పత్రికలకు ఎక్కింది. ప్రభుత్వం కొత్త ఇంజనీరు చేత రైతుల నోరు కొట్టిస్తున్నదని విమర్శలు వచ్చాయి.

ఆ విమర్శలో కొంత న్యాయం లేకపోలేదు. చెరకు మీద పెట్టుబడి పెట్టిన రైతుకు, మధ్యలో నీరు తగ్గిస్తామంటే ఎవరు పూచీ? ఈ ప్రశ్న విశ్వేశ్వరయ్యను ఆలోచింపజేసింది. నీటికి హద్దు పెట్టాలి. అయితే హద్దు పెట్టినవాడు హామీ కూడా ఇవ్వాలి. హామీ లేని హద్దు రైతుకు శిక్షగా కనిపిస్తుంది. హద్దు లేని హామీ ఖజానాకు, చివరి పొలానికి చేటు. రెండూ కలిస్తేనే పద్ధతి నిలుస్తుంది. ఈ ఆలోచనలో నుంచి పుట్టిందే బ్లాకు పద్ధతి.

బ్లాకు పద్ధతి అంటే

20వ శతాబ్దపు తొలి ఏళ్లలో నీరా కాల్వ మీద ఈ పద్ధతి అమలులోకి వచ్చింది. దాని సారాంశం మన రైతులు తెలుసుకోదగినది.

మొదటిది: ప్రతి గ్రామంలోనూ మంచి నేలలున్న చోట, తూముకు దగ్గరగా వున్న పొలాలను ఒక ముక్కగా చేర్చాలి. దాన్నే బ్లాకు అన్నారు. నీరు ఆ బ్లాకుకే. దానితో బోదెల పొడుగు తగ్గి, దారిలో ఇంకిపోయే నీరు మిగులుతుంది. మిగిలిన నీటితో ఇంకొక గ్రామంలో ఇంకొక బ్లాకుకు ఇవ్వవచ్చు. ఒకే వూరు నీళ్లన్నీ తాగకుండా ఎక్కువ వూళ్లకు అందుతాయి.

రెండవది: బ్లాకులో మూడో వంతు భూమిలోనే చెరకు. మిగిలిన రెండు వంతులలో తక్కువ నీటి పంటలు. ఏటికేడు పంట మార్పిడి. దీనితో ఒక భూమిలోనే ఏళ్ల తరబడి నీరు నిలిచి చెడిపోకుండా వుంటుంది.

మూడవది: అనుమతి ఒక్క ఏడాదికి కాకుండా కొన్ని సంవత్సరాలకు ఒకేసారి. ఇన్నేళ్లు ఇన్ని నీళ్లు వస్తాయని తెలిసిన రైతు భూమి చదును చేస్తాడు, ఎరువు వేస్తాడు, అప్పు తెచ్చినా ధైర్యంగా తెస్తాడు. ప్రభుత్వానికి కూడా వానలు పడిన సంవత్సరం, పడని సంవత్సరం అన్న తేడా లేకుండా తీరువ వస్తుంది.

నాల్గవది: బ్లాకుకు వచ్చే నీటికి హద్దు వుంటుంది. ఇక్కడే అసలు కీలకం. హద్దు లోపల నీరు తనదే కాబట్టి, జాగ్రత్తగా కట్టుకున్న రైతు అదే నీటితో మొత్తం బ్లాకును పండించుకుంటాడు. పొదుపు చేసిన నీరు పక్కవాడికి పోకుండా తన చేనికే పనికివస్తుంది. పొదుపు చేయాలన్న కోరిక ఉద్యోగి బెదిరింపు వల్ల కాక రైతు లాభాపేక్ష వల్ల పుడుతుంది.

దేశంలో నీటిపారుదలను పరిశీలించడానికి 1901లో సర్ కోలిన్ స్కాట్ మాంక్రీఫ్ అధ్యక్షతన వచ్చిన కమిషన్ ముందు కూడా విశ్వేశ్వరయ్య సాక్ష్యమిచ్చారు. తెల్ల ఇంజనీర్ల కాలంలో ఒక భారతీయుడి మాటకు అంత విలువ దక్కడం పెద్ద విషయమే.

మంచి, చెడు

ఏ మహనీయుడి పనినైనా పొగడ్తలతో ముగించడం సబబు కాదు. బ్లాకు పద్ధతి దక్కను కాల్వల మీద చాలాకాలం నిలిచింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో పంపిణీ విధానాలకు దారి చూపింది. అయితే అనుకున్నదంతా జరగలేదు. చెరకు ధర పెరిగినప్పుడల్లా మూడో వంతు హద్దు మీద ఒత్తిడి వచ్చింది. నీరా కాల్వ కింద కొన్ని భూములు నీరు ఎక్కువై, ఉప్పు పైకి తేలి చౌడుబారిపోయాయి. కాగితం మీద హద్దు గీయడం ఒక ఎత్తు, పదేళ్లు, ఇరవై ఏళ్లు దాన్ని కాపాడటం ఇంకొక ఎత్తు. తూము దగ్గర కొలిచే మనిషి, అతని మాటను నిలబెట్టే వ్యవస్థ లేకపోతే ఎంత మంచి లెక్కయినా నీళ్ల పాలే.

ఈ అనుభవం కూడా విశ్వేశ్వరయ్య మనకు మిగిల్చిన పాఠంలో భాగమే అనుకోవాలి.

మూసీ నుంచి కావేరి దాకా

బొంబాయి ప్రభుత్వంలో ఆయన సూపరింటెండింగు ఇంజనీరు దాకా ఎదిగారు. 1906లో ఏడెన్ వెళ్లి ఆ పట్టణపు నీటి సరఫరా, మురుగునీటి పథకాలకు సలహా ఇచ్చారు. చీఫ్ ఇంజనీరు పదవి భారతీయుడికి దక్కే రోజులు కావు. పూర్తి కాలం కాకముందే 1908లో స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుని విదేశాలకు వెళ్లారు.

అదే సంవత్సరం సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగి వేలాది మందిని బలి తీసుకున్నది. నిజాం ప్రభుత్వంవారి పిలుపు మీద విశ్వేశ్వరయ్య 1909లో హైదరాబాదు వచ్చారు. నది ఎగువన వున్న చెరువులను, వాన లెక్కలను పరిశీలించి, ఆ వానకు రెండు వందలకు పైగా చెరువులు తెగిపోయినట్టు తేల్చారు. నదికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని సూచించారు. వాటి ఫలమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. మన వాడుకలో గండిపేట చెరువు అనేది ఉస్మాన్‌సాగరే. విశాఖపట్నం రేవును సముద్రపు కోత నుంచి కాపాడే విషయంలోనూ ఆయన సలహా తీసుకున్నారు.

1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యారు. కావేరి మీద పెద్ద జలాశయం కట్టాలన్నది ఆయన సంకల్పం. అంత డబ్బు పోసి కడితే రాబడి వస్తుందా అని సంస్థానంలో సందేహాలు. విశ్వేశ్వరయ్య ఇక్కడ కూడా లెక్కనే ముందు పెట్టారు. శివసముద్రం జలవిద్యుత్తు 1902 నుంచి కోలారు బంగారు గనులకు పోతున్నది. నది ఎండినప్పుడు కరెంటు తగ్గుతున్నది. నిల్వ నీరు వుంటే కరెంటు నిలకడగా వస్తుంది. గనులవారు దానికి డబ్బు కడతారు. ఆ రాబడి ఆనకట్ట ఖర్చుకు ఆసరా అవుతుంది. రైతు పొలానికి నీరు తేవడానికి గనుల డబ్బు సాయపడింది. 1911లో మొదలైన కృష్ణరాజసాగరం, మద్రాసు ప్రభుత్వంతో తగాదాలు దాటుకుని, 1924 ఒడంబడిక తర్వాత వేగం పుంజుకుని 1931 నాటికి పూర్తయింది. సిమెంటుకు బదులు ఇటుక పొడి, సున్నం కలిపిన సుర్కీతో ఆ గట్టు కట్టారు. పుణెలో కనిపెట్టిన తలుపుల పద్ధతినే అక్కడా వాడారు.

ఆ జలాశయం నుంచి తీసిన ఇర్విన్ కాల్వ మీద కూడా మూడు వంతుల పంట మార్పిడి నియమం పెట్టారు. ఒక వంతు వరి, ఒక వంతు చెరకు, ఒక వంతు ఆరుతడి పంట. నీరు వచ్చాక 1930లలో మండ్యలో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆ కాల్వనే తర్వాత విశ్వేశ్వరయ్య కాల్వ అన్నారు.

దివాను పదవి, చివరి రోజులు

1912 నుంచి 1918 దాకా ఆయన మైసూరు దివానుగా పనిచేశారు. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, సబ్బుల ఫ్యాక్టరీ, భద్రావతి ఇనుప కర్మాగారం ఆయన హయాంలో రూపుదిద్దుకున్నవే. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో ప్రత్యేక వాటా ఇచ్చే విషయంలో మహారాజుతో అభిప్రాయభేదం వచ్చి దివాను పదవి వదులుకున్నారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఆయన పట్టు. తరతరాలుగా బడి మెట్లు ఎక్కనివ్వని జనానికి ఆ కొలమానం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్నకు చరిత్ర మహారాజు పక్షానే నిలిచిందని చెప్పాలి.

పదవి వదిలినా పని వదలలేదు. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని పుస్తకం రాశారు. 1951లో తన ఉద్యోగ జీవిత జ్ఞాపకాలను వెలువరించారు. 1955లో భారతరత్న బిరుదు వచ్చింది. నూరేళ్లు నిండిన తర్వాత 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. పుట్టిన వూరు ముద్దేనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగాయి.

మన సీమలో నీటి లెక్క

విశ్వేశ్వరయ్య పూర్వీకుల సీమకు నీటి పంపకం కొత్త కాదు. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువును విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఆ చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించింది. పూర్వం చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయించినవారికి దశబంధం కింద మాన్యం దక్కేది. తూము దగ్గర నీరు పంచే నీరుగంటికి పంటలో నుంచి మేర కొలిచేవారు. పంట బాగా పండితే నీరుగంటికీ లాభమే. నీటికి, లాభానికి ముడి వేయడం మన పెద్దలకు తెలిసిన విద్యే.

ఆ ముడి తర్వాత వదులైంది. 1996లో రాష్ట్రంలో నీటి తీరువ పెంచి, పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి మాగాణి పంటకు ఎకరాకు 200 రూపాయలు చేశారు. 1997లో చట్టం తెచ్చి పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పాటు చేశారు. అయితే తీరువ లెక్క మాత్రం పుణె పాత కాల్వల మాదిరి ఎకరాకింతే. నీటి పరిమాణాన్ని బట్టి కాదు.

కాల్వ లేని మన మండలాలలో రైతు బోరును నమ్ముకున్నాడు. మిరప, పత్తి, బత్తాయి తోటలు బోరు మీదే బతికాయి. మోటారుకు హార్సుపవరు లెక్కన ఏడాదికింత కట్టే రోజుల తర్వాత, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అది ఎందరో రైతులను అప్పుల నుంచి కాపాడిన మాట నిజం. మోటారు గంట ఎక్కువ తిరిగినా ఖర్చు పెరగదన్న మాట కూడా అంతే నిజం. పక్క పొలంలో ఇంకో బోరు ఇంకా లోతుకు దిగుతుంటే, తన బోరు ఆపినవాడికి మిగిలేది ఏమిటి? పాత దక్కను రైతు ముందున్న ప్రశ్నే భూగర్భ జలం రూపంలో మన ముందుకు వచ్చింది.

దీనికి రెండు రకాల జవాబులు మన జిల్లాలో చూశాం. ఒకటి 2003లో రాష్ట్రం మొదలుపెట్టిన సూక్ష్మ సేద్యం పథకం. బిందు సేద్యం పరికరాలకు సబ్సిడీ ఇచ్చి, అదే నీటితో ఎక్కువ చెట్లు బతికించుకొనే వీలు కల్పించారు. రెండవది ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాలలో రైతులే నడిపిన భూగర్భ జల కార్యక్రమం. వూరి వాన ఎంతో, బోరులో నీటిమట్టం ఎంతో రైతులే కొలిచి, రబీకి ముందు వూరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. నీరు తక్కువని తేలిన ఏడాది వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసుకున్నారు. జరిమానా లేదు, నగదు బహుమానం లేదు. వున్న నీరెంతో తెలియడమే వారి చేత పంట మార్పించింది. బిందు పరికరం పెట్టినంత మాత్రాన నీరు మిగలదన్నది కూడా అనుభవమే. మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు సాగు పెంచితే భూగర్భానికి ఒరిగేది శూన్యం. హద్దు లేని పొదుపు నిలవదు.

వెలిగొండ వేళ వేయవలసిన లెక్క

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల ఆశ వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల నీరు తెచ్చి, 4.47 లక్షల ఎకరాలకు, 15.25 లక్షల మంది దాహానికి ఇవ్వాలన్నది పథకం. ఈ అంకెలను ఒకసారి విశ్వేశ్వరయ్య మాదిరి లెక్కకట్టి చూద్దాం.

ఒక టీఎంసీ నీరు సుమారు 23 వేల ఎకరాల మీద ఒక అడుగు లోతున నిలుస్తుంది. 43.5 టీఎంసీలను ఆయకట్టు అంతటా పరిస్తే ఎకరాకు సుమారు 27 అంగుళాల నీరు వస్తుంది. ఇందులో నుంచి తాగునీరు తీయాలి. కాల్వలలో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది తీయాలి. మిగిలేది ఆరుతడి పంటకు సరిపోయే నీరే. కాల్వ మొదట్లో వున్న రైతు వరి వేస్తే, అతని ఒక ఎకరా నీరు చివరనున్న రైతు ఎకరాను మింగేస్తుంది. పుణె కాల్వ మీద చెరకు చేసిన పనినే ఇక్కడ వరి చేస్తుంది.

కాబట్టి కాల్వ గట్టు ఎంత ముఖ్యమో, తూము దగ్గర కొలత అంత ముఖ్యం. ఏ గ్రామానికి ఎంత నీరు, ఏ రోజున వంతు అన్నది నీరు పారక ముందే రాతపూర్వకంగా వుండాలి. నీరు పారాక మొదట్లోవారికి అలవాటైన వాటాను తగ్గించడం ఏ ప్రభుత్వానికీ సులభం కాదని పుణె గొడవ చెబుతున్నది. హద్దుతో పాటు హామీ ఇవ్వాలి. ఆరుతడి పంట వేసి నీరు మిగిల్చిన సంఘానికి ఆ మిగులు మీద హక్కు గాని, తీరువలో తగ్గింపు గాని దక్కాలి. ఆరుతడి పంటకు గిట్టుబాటు ధర లేకుండా వరి మానమంటే రైతు మానడు. నీటి లెక్క, పంట ధర రెండూ ఒకే కాగితం మీద వుండాలి.

మోక్షగుండం నుంచి కదిలిన ఒక కుటుంబం తమ వూరి పేరును మైసూరు దాకా, బొంబాయి దాకా మోసుకు వెళ్లింది. ఆ పేరు మోసిన ఇంజనీరు పుణె గట్ల మీద నడిచి నేర్చుకున్న లెక్క ఆయన పూర్వీకుల సీమకు ఇంకా చేరవలసి వుంది. ఏటా సెప్టెంబరు 15న ఆయన పటానికి పూలదండ వేయడం మంచిదే. ఆ రోజున ప్రతి నీటి సంఘం కూర్చుని తమ తూముకు వచ్చే నీరెంత, చివరి పొలానికి చేరేది ఎంత అన్న లెక్క కూడా తీస్తే ఆ దండకు సార్థకత కలుగుతుంది.